లాడ్ బజార్‌కు బయలుదేరే ముందు

పెళ్లి గాజులకో ముత్యాలకో హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌కు వెళ్తున్నారా? ఇవి చూసుకుని కదలండి.

- ఉదయం 11 గంటలకు ముందు వెళ్తే చాలా షట్టర్లు మూసే ఉంటాయి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు, ఆ వేళ రద్దీ ఎక్కువ. కారు ఇంట్లోనే ఉంచండి. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) వరకు వచ్చి ఆటో ఎక్కడం మేలు.

- గాజుల కొలత తెలుసుకుని వెళ్లండి. 2-4 అంటే రెండు అంగుళాల పైన పదహారింట నాలుగు వంతుల వ్యాసం, అంటే రెండుంబావు అంగుళాలు. 2-6, 2-8 కూడా ఇదే లెక్క. లక్క గాజు సాగదు, బలవంతం చేస్తే విరుగుతుంది. పెళ్లికూతురు రాలేకపోతే ఆమెకు సరిపోయే పాత గాజు ఒకటి సంచిలో వేసుకోండి. చీర అంచు ముక్క కూడా.

- గాజుల మీది రాళ్లను గోటితో మెల్లగా కదిపి చూడండి. వేడి లక్కలో అద్దినవి కదలవు, జిగురుతో అంటించినవి ఊడివస్తాయి. రంగును దుకాణం దీపాల కింద నమ్మకండి, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడండి. అడిగితే కాదనరు.

- ముత్యాలు రెండింటిని ఒకదానికొకటి మెల్లగా రాస్తే అసలువి కాస్త గరుకుగా తగులుతాయి. రంధ్రం అంచున పూత పెచ్చులూడుతుంటే ఆ దండ వద్దు. బంగారంతో గుచ్చినదైతే హాల్‌మార్కుతో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ చూసి, బిల్లు తీసుకోండి.

- బేరం తప్పదు, మొహమాటపడకండి. మొదటి దుకాణంలో మాత్రం కొనకండి.

- లక్క గాజులను ఎండలో నిలిపిన వాహనంలో వదలకండి, మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.