లంగరు గొలుసుకి నైలాన్ తాడు తోడు కట్టండి

డిసెంబరు, జనవరి నెలల్లో కరీబియన్‌లో తూర్పుగాలి ముదురుతుంది. క్రిస్మస్ గాలులంటారు. 25–30 నాట్ల (గంటకి సుమారు 46–56 కి.మీ.) గాలి రోజుల తరబడి వీస్తుంది. బెక్వియా, టొబేగో కేస్ లాంటి దీవుల దగ్గర లంగరేసినప్పుడు గాలి విసురుకి గొలుసు బిర్రుగా లాగితే ఆ కుదుపంతా విండ్‌లాస్ మీదే పడుతుంది. గొలుసు ఎత్తడానికి పెట్టిన యంత్రం అది, పడవని పట్టి ఉంచడానికి కాదు.

40 అడుగుల పడవకి 12–14 మి.మీ. మూడు పేటల నైలాన్ తాడు 8–10 మీటర్లు చాలు. ఇంకా లావుదైతే సాగదు, కట్టేదే సాగి ఆ కుదుపుని మింగడానికి. పాలియెస్టర్ అసలొద్దు.

లంగరు పట్టాక ఒక కొసని రోలింగ్ హిచ్ ముడితో గొలుసుకి, రెండోది పడవ ముందున్న క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొమ్ముకి) కట్టండి. తాడు ఐదారు మీటర్లు వదిలాక, బరువంతా తాడు మీదికొచ్చి గొలుసు వదులుగా వేలాడేదాకా గొలుసు వదలండి.

తాడు తెగేది ఎక్కువగా పడవ అంచుకి ఒరుసుకునే చోటే. అక్కడ చాలామంది ప్లాస్టిక్ గొట్టం తొడుగుతారు. అది తప్పు. సాగి ముడుచుకునే నైలాన్ లోలోపలే వేడెక్కుతుంది, గొట్టంలోకి నీళ్లు చేరక పోగులు కరిగి అతుక్కుంటాయి. తోలుగానీ, మందపాటి గుడ్డగానీ చుట్టండి. పొద్దున్నే ఆ చోటు వేళ్లతో తడిమి చూడండి. గరుకుగా, గట్టిగా తగిలితే అరమీటరు జరిపి కట్టండి.

గొలుసు ఎంత వదలాలో లోతుకి ఇన్నింతలని లెక్కేస్తారు. ఆ లోతుకి నీటి మీద పడవ ముక్కు ఎత్తు కలపడం మరవకండి: 5 మీటర్ల లోతు, 1.2 మీటర్ల ఎత్తు అంటే ఐదింతలకి 31 మీటర్లు, గాలి రాత్రి ఏడింతలకి 43.