అరవై దాటాక పాత అంబాసిడర్ టైర్ విప్పాలంటే

నడుము పట్టేసేది ఎక్కువగా నట్లు లాగేటప్పుడే అండి, అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, పొద్దున జాకీ ఎత్తకముందే, టైర్ నేల మీద ఉండగానే, స్పానర్‌కి రెండడుగుల ఇనప పైపు తొడిగి పిడి అడ్డంగా ఉండేలా పెట్టి ఒంటి బరువుతో కిందికి నొక్కండి, పైకి మాత్రం లాగొద్దు. వంగే బదులు చిన్న పీట వేసుకుని కూర్చోండి. మళ్ళీ బిగించేటప్పుడు టైర్ చేతులతో ఎత్తకండి, దాని కింద పలుగు దూర్చి కొద్దిగా లేపితే బోల్టుల్లోకి అదే ఎక్కేస్తుంది. అవతలి చక్రానికి రాయి అడ్డం పెట్టడం మర్చిపోవద్దు, ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి అస్సలు దూరొద్దు, ఈ వయసులో చటుక్కున బయటికి రాలేం కదా.