ఓటీపీలు ఆలస్యం: క్యానెల్‌లో క్యూ ఎలా తగ్గించాను

మెసేజ్‌లను మొబైల్ ఆపరేటర్‌కి చేర్చే మా ఎస్సెమ్మెస్ గేట్‌వే, క్యానెల్ (Kannel) అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. స్కూళ్ల తరఫున తెలుగు మెసేజ్‌లు వెళ్లే రోజున ఓటీపీలు ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యేవి, ఒకటే టెన్షన్. సర్వర్ మీద లోడేమీ లేదు, కానీ 13000 పోర్టులో స్టేటస్ పేజీ తెరిస్తే క్యూ పెరుగుతూనే ఉంది. లాగ్ నిండా 0x00000058 ఎర్రర్, అంటే సెకనుకి ఇన్ని అనే పరిమితి దాటి పంపుతున్నామని ఆపరేటర్ వెనక్కి కొడుతున్నారు. క్యానెల్ కాసేపు ఆగి మళ్లీ అదే పంపుతోంది.

ఇంగ్లీషుకి ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడితే తెలుగు యూనికోడ్‌కి 70 మాత్రమే, పొడవైతే ముక్కకి 67. పైగా ‘స్కూ’ మన కంటికి ఒకటే అయినా లెక్కలో నాలుగు! అలా ఒక్క సమాచారం నాలుగైదు ముక్కలై, ప్రతి ముక్కా ఆ సెకను పరిమితి లెక్కలోకి వస్తోంది. నేను మెసేజ్‌లు లెక్కపెట్టాను, ముక్కలు కాదు.

క్యానెల్‌లో సెకనుకి ఎన్ని పంపాలో చెప్పే త్రూపుట్ సెట్టింగ్‌ని ఖాళీగా వదిలేశాను; అందులో ఆపరేటర్ ఇచ్చిన అంకె పెట్టాను, 58 ఎర్రర్ ఆగిపోయింది. అయినా ఓటీపీలు స్కూలు మెసేజ్‌ల వెనకే నిలబడ్డాయి కాబట్టి, ఆపరేటర్‌ని అడిగి ఓటీపీలకి విడిగా ఇంకో బైండ్ (ఆపరేటర్‌తో కనెక్షన్) తీసుకుని, క్యానెల్‌లో ఒక్కో కనెక్షన్‌కి పెట్టే పేరు, ఎస్‌ఎంఎస్‌సీ ఐడీతో దారి వేరు చేశాను. ఇప్పుడు స్కూలు మెసేజ్‌లు ఎన్ని ఉన్నా ఓటీపీ సెకన్లలో వెళ్తోంది.