ప్యాకేజీ ఇంపోర్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి

గుంటూరు మిర్చి యార్డు ధరలు షీటులోకి ఎక్కించి రైతులకు మెసేజ్ పంపే వర్క్‌ఫ్లో పైప్‌డ్రీమ్‌లో (ఇలాంటి పనులను ఆటోమేటిక్‌గా నడిపే ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్) నడుపుతున్నారనుకోండి. అందులో నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) కోడ్ రాసే స్టెప్ ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి. ఆ మెసేజ్ నమ్ముకుని సరుకు లోడు చేసేవాళ్లుంటారు.

ప్యాకేజీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, పేరును ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఆన్‌లైన్ భండారం) పేజీ నుంచే కాపీ చేయండి. 2017లో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీ పేరులోని గీత తీసేసి పెట్టిన నకిలీ ప్యాకేజీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (కోడ్ బయట దాచుకునే సెట్టింగులు) దొంగిలించింది. మీ టోకెన్లు (వేరే సేవలను వాడుకోనిచ్చే రహస్య కోడ్‌లు) ఉండేదీ అక్కడే.

వెర్షన్ తప్పక రాయండి. ఇక్కడ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఉండదు, ఇంపోర్ట్ లైను చూసి ప్లాట్‌ఫామే తెచ్చుకుంటుంది. పేరు పక్కన ఎట్ గుర్తు, నంబరు చాలు.

ఎక్కువమంది ఇరుక్కునేది మాడ్యూల్ రకం దగ్గర. స్టెప్ ఈఎస్ మాడ్యూల్ (ఇంపోర్ట్ వాడే కొత్త పద్ధతి) కాబట్టి పాత ఉదాహరణలోని రిక్వైర్ లైను అతికిస్తే "రిక్వైర్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని ఆగిపోతుంది. నోడ్-ఫెచ్ 3, చాక్ 5 అనే ప్యాకేజీ వెర్షన్లు పూర్తిగా ఈఎస్ మాడ్యూళ్లే, వాటిని ఇంపోర్ట్‌తోనే పిలవండి. పాత కామన్‌జేఎస్ (రిక్వైర్ వాడే పద్ధతి) ప్యాకేజీలో "నేమ్‌డ్ ఎక్స్‌పోర్ట్ దొరకలేదు" అని వస్తే, మొత్తాన్ని డీఫాల్ట్‌గా ఇంపోర్ట్ చేసి, కావాల్సిన ఫంక్షన్ కింది లైనులో విడిగా తీసుకోండి. అప్పటికీ రాకపోతే ఆ ప్యాకేజీ బ్రౌజర్‌లో మాత్రమే ఉండే విండో, డాక్యుమెంట్ అనే ఆబ్జెక్టులను అడుగుతోందేమో చూడండి. బ్రౌజర్ కోసం రాసినది ఇక్కడ నడవదు.

స్టెప్‌లో ఫైలు రాయాలంటే /tmp (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్‌లోనే రాయండి.

మీ ల్యాప్‌టాప్‌లో నడిచింది కదా అని ధీమా వద్దు, నోడ్ వెర్షన్లు రెండుచోట్లా పోల్చండి. ముందు వర్క్‌ఫ్లో కాపీలో ఇంపోర్ట్ లైను ఒక్కటే ఉంచి టెస్ట్ కొట్టండి. అసలు దానిలో మార్పు యార్డుకు సెలవున్న శని, ఆదివారాల్లో పెట్టుకోండి.