షూటింగ్ రేంజ్ తెరిచే ముందు: తాగి వచ్చేవాళ్లతో జాగ్రత్తలు

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం, అమలాపురం వైపు ఇవి మరీ ముఖ్యం.

• వాసన, తూలడం, మాట తడబాటు గేటు దగ్గరే చూడండి. ఒక్కటి కనబడినా తుపాకీ ఇవ్వొద్దు. "ఒక్క బీరేనండీ" అన్నా సరే.

• కాల్చే లైన్ మీద ఎవరిలోనైనా తేడా కనిపిస్తే ముందు అందరికీ వినపడేలా "స్టాప్" అనండి. ఆ మనిషిని వెనకనుంచి పేరుపెట్టి పిలవొద్దు. పిలిస్తే తుపాకీతో సహా తిరుగుతాడు, గొట్టం మీవైపే. ట్రిగ్గర్ చెయ్యి పక్కగా చేరి, గొట్టం టార్గెట్ వైపే ఉండేలా పట్టుకుని తుపాకీ తీసుకోండి. ఎయిర్ రైఫిలే (గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న గుండు పేల్చేది) కదా అనుకోవద్దు, పెల్లెట్‌కి కన్ను పోతుంది. లోపల పెల్లెట్ లేదని చూసి సేఫ్టీ జెండా (తుపాకీ ఖాళీ అని చూపే రంగు గుర్తు) పెట్టండి.

• మాట్లాడేది ఒక్కరే. వాదన వద్దు.

• బండి తాళం తీసుకుని ఇంటికి ఫోన్ చేయండి. కాలవగట్టు రోడ్డు మీద వదలొద్దు. మనిషి గొడవకి దిగితే 112కి ఫోన్ చేయండి.