గోదావరి జిల్లాల్లో పాత అమెరికన్ కాంపాక్ట్ కారు: కొనేముందు, కొన్నాక

పాత కారు చూడ్డానికి వెళ్లినవాళ్లందరూ ముందు బానెట్ ఎత్తమంటారు, స్టార్ట్ చేయమంటారు, శబ్దం విని తలూపుతారు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం వైపు అమ్మకానికి ఉన్న అమెరికన్ కాంపాక్ట్ కారైతే (అంటే అక్కడి పెద్ద కార్లకంటే కాస్త చిన్నది) బానెట్ సంగతి తర్వాత. ముందు ఒక గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరండి. ఇంజిన్ ఎంత పాడైనా మన జిల్లాల్లో బాగుచేసేవాళ్లు ఉన్నారు. అడుగు రేకును తుప్పు తినేసిన కారును నిలబెట్టడం మాత్రం చాలా కష్టం, చాలా ఖర్చు.

కారణం ఈ కార్ల తయారీలోనే ఉంది. 1950లో నాష్ కంపెనీ రాంబ్లర్ తెచ్చింది. ఆ తర్వాత రాంబ్లర్ల అమ్మకాలు పెరగడం, జర్మనీ నుంచి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వచ్చి బాగా అమ్ముడుపోవడం చూసి 1959 చివర్లో పెద్ద కంపెనీలు మూడూ ఒక్కసారే కాంపాక్టులు దింపాయి: ఫోర్డ్ ఫాల్కన్, షెవర్లే కార్వైర్, క్రైస్లర్ వాళ్ల వాలియంట్. వీటిలో దేనికీ విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, ఉండదు. అడుగు రేకు, డోర్ల కింద ఉండే సిల్సు, డిక్కీ రేకు అన్నీ కలిపి వెల్డ్ చేసిన పెట్టే మొత్తం బరువు మోస్తుంది. రేకు పోయిందంటే కారు నడుం విరిగినట్టే. అంతకు ఏడాది ముందు, 1958 చివర్లో వచ్చిన స్టూడిబేకర్ లార్క్‌కి మాత్రం కింద విడి ఛాసిస్ ఉంది, బాడీ విప్పి పక్కన పెట్టి పని చేసుకోవచ్చు. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో ఉంచుకోవడానికి లార్క్ దొరికితే మంచిదని నా అభిప్రాయం, అందంలో వాలియంట్ నాకు ఎక్కువ ఇష్టమైనా సరే.

కిందకి దూరినప్పుడు చేతిలో స్క్రూడ్రైవరూ చిన్న అయస్కాంతమూ ఉండాలి. వాలియంట్‌లో ముందు సస్పెన్షన్‌కి కాయిల్ స్ప్రింగులు ఉండవు, మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే పొడుగాటి కడ్డీలు, టార్షన్ బార్లు ఉంటాయి. వాటి వెనక కొసలు ముందు సీటు కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్‌లో బిగిసి ఉంటాయి. అక్కడ తుప్పు ఉంటే ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దనేయండి, ఎందుకంటే ఆ బార్ మెలితిరిగిన బలమంతా ఆ రేకు మీదే ఉంటుంది. తర్వాత వెనక పట్టీల హ్యాంగర్లు, సిల్సు, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం కింద గాలి వచ్చే జాలీ. ఆ జాలీలో కొబ్బరి పూత, ఆకులు పడి కుళ్లి, నీళ్లు నిలిచి తుప్పు లోపలి నుంచే రేకు తినేస్తుంది, బయటికి పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. అయస్కాంతం పట్టని చోట పుట్టీ ఉందని అర్థం. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే యజమానికి కోపం రావచ్చు, "ఏమనుకోకండి, అడుగు చూడకుండా బేరం చేయలేను" అని ముందే చెప్పండి, కారంటే ప్రేమ ఉన్నవాళ్లు అడ్డుచెప్పరు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన కారో, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న కారో అయితే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

రేకు మార్చాల్సి వస్తే పాత తుప్పు రేకు మీదే కొత్త ముక్క అతికించనివ్వకండి. మంచి రేకు తగిలేదాకా కోసి, అదే మందం రేకు పెట్టి వెల్డ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ వేయించి, సిల్సు లోపలికి మైనం లాంటి యాంటీ రస్ట్ స్ప్రే కొట్టించండి. డోర్ల అడుగున, సిల్సు కింద చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్లు కారిపోవడానికి కంపెనీయే పెట్టినవి. టింకరింగ్ వాళ్లు పుట్టీతో వాటిని మూసేస్తుంటారు. వానాకాలానికి ముందు ఒక పుల్లతో వాటిని తెరిచి చూసుకోవడం తప్పనిసరి.

ఇక ఇంజిన్. వాలియంట్‌లోది ఆరు సిలిండర్ల స్లాంట్ సిక్స్, 30 డిగ్రీలు పక్కకి వాల్చి బిగించింది, 2.8 లీటర్లు. చాలా మొండి ఇంజిన్, సరిగ్గా చూసుకుంటే మనవల కాలానికీ నడుస్తుంది. దీనికి గ్యాప్ వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు కాబట్టి వాల్వ్ గ్యాప్ మనమే సెట్ చేయాలి, ఇంజిన్ బాగా వేడెక్కాక, ఇన్‌టేక్ 10 థౌ, ఎగ్జాస్ట్ 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఈ పని చేయించడానికి కార్ల షోరూముకి వెళ్లే అవసరం లేదు. పాత ట్రాక్టర్లు బాగుచేసే పెద్ద మెకానిక్‌ని పట్టుకోండి, ఆయన దగ్గరే ఇంచీ పానాలూ ఫీలర్ గేజీ ఉంటాయి. అమెరికన్ బోల్టులన్నీ ఇంచీ కొలతలే, ఎంఎం పానా పెట్టి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. రాజమండ్రి, తణుకు, భీమవరం లేత్ షాపుల్లో బోరింగ్, వాల్వ్ సీట్ల పని చక్కగా చేస్తారు. హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించేయండి. ఈ ఇంజిన్లు వాల్వ్ సీట్లు అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోలు కోసం చేసినవి, మన దేశంలో 2000 నుంచి ఆ పెట్రోలు లేదు.

పంక్చర్ షాపువాళ్లకి ముందే చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. క్రైస్లర్ వాళ్ల ఆ కాలపు కార్లలో ఎడమ పక్క చక్రాల నట్లు ఎదురు మర. మామూలుగా విప్పినట్టు విప్పబోతే బిగుస్తుంది, ఇంకా బలం పెడితే స్టడ్ తెగుతుంది. స్టడ్ కొస మీద ఎల్ అక్షరం ఉందేమో చూడండి. నేనైతే ఆ చక్రాల మీద "ఎదురు మర" అని చిన్న స్టిక్కర్ అంటించమని అందరికీ చెబుతాను. టైర్ల టెన్షన్ లేదు, 13 అంగుళాలవి కాబట్టి దొరుకుతాయి.

పెట్రోలు విషయంలో ఇప్పుడు ఎక్కువ శ్రద్ధ కావాలి. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమకి మన దగ్గర కొదవా? ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, కార్బరేటర్ డయాఫ్రమ్, పంప్ కిట్ మార్చేయండి. నెలరోజుల పైన కదపకపోతే పెట్రోలు తీసేసి స్కూటర్లో వాడుకోండి. అన్నిటికంటే ముందు గొట్టాలు మార్చాలి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే కారూ ఉండదు షెడ్డూ ఉండదు.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. సముద్రం వైపు మండలాల్లో ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాలవ నీళ్లలో ఒండ్రు ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ అంతే.

బ్రేకుల గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 1960ల మొదటి సగంలో వచ్చిన ఈ కార్లలో చాలావాటికి బ్రేకు సర్క్యూట్ ఒక్కటే. ఒక చక్రం దగ్గర సిలిండర్ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. మనం తిరిగేది కాలవ గట్ల మీద, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలం, మధ్యలో ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు. బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చేదే, ఏడాదికోసారి మొత్తం మార్చండి, నాలుగు వీల్ సిలిండర్లూ విప్పి చూడండి. కారు రూపం మార్చకూడదని పట్టుదల ఉన్నవాళ్లకి కూడా నేను చెప్పేది, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ పెట్టించుకోమనే. బయటికి కనబడదు, ప్రాణం కాపాడుతుంది. హ్యాండ్ బ్రేకు కూడా పనిచేసేలా ఉంచండి.

అమెరికాలో కాంపాక్ట్ అన్నారు కదా అని చిన్న కారనుకోవద్దు. వాలియంట్ పొడవు సుమారు 4.67 మీటర్లు, మన అంబాసిడర్ 4.3 మీటర్లు. సందుల్లో తిప్పడం కష్టం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బండ్లు ఎక్కించే పెద్ద పడవ) మీద దాటిస్తుంటే వెనక భాగం ర్యాంపుకి గీసుకుంటుంది, వెనక సీట్లో వాళ్లని దింపి, నెమ్మదిగా కొంచెం ఏటవాలుగా ఎక్కించండి.

షెడ్డు ఎక్కడ వేయాలంటే, కొబ్బరిచెట్టు కింద తప్ప ఎక్కడైనా. కాయ పడితే పైరేకు సొట్ట, మట్ట పడితే అద్దం. మట్టి నేల మీద నిలబెడితే కింది తేమ అడుగు రేకుకి ఎక్కుతూనే ఉంటుంది, సిమెంటు నేల వేయించి, వరదకి అందనంత ఎత్తు పెంచండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి రెండు వానాకాలాల్లో కారు పాడవుతుంది, నూలు గుడ్డ కప్పండి. పక్కన గడ్డివాము ఉంటే ఎలుకలు వచ్చి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి తీసి కనీసం అరగంట తిప్పాలి. అక్కడే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్లో నీళ్లు చేరి అదీ తుప్పు పడుతుంది. రావులపాలెం నుంచి అమలాపురం దాకా పొద్దున్నే ఒక రౌండ్ వేస్తే ఇంజిన్ సరిగ్గా వేడెక్కుతుంది, బెంచి సీటులో ముగ్గురు పక్కపక్కన కూర్చుని పోతుంటే వచ్చే సుఖం ఇప్పటి కార్లలో లేదు.

విడిభాగాలకి అమెరికా ఒక్కటే దిక్కనుకోకండి. ఫాల్కన్ పేరుతో ఆస్ట్రేలియాలో 2016 దాకా కార్లు తయారయ్యాయి, అర్జెంటీనాలో పాత రూపంతోనే 1991 దాకా. వాలియంట్ కూడా ఆస్ట్రేలియాలో 1981 దాకా చేశారు. ఆస్ట్రేలియా మనలాగే కుడి స్టీరింగ్ దేశం, అందుకని కుడి స్టీరింగ్ భాగాలు అక్కడ వెతకండి.

ఇక జ్ఞాపకాలు. వీటినీ కారు పనిలో భాగంగానే చూడమంటాను. మన ఊళ్లలో ఆ రోజుల్లో తిరిగిన అమెరికన్ పేరున్న కార్లు ఎక్కువగా బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు బిగించిన డాడ్జి, ప్లిమత్‌లు, కలకత్తాలో హిందుస్థాన్ మోటార్స్ బిగించిన స్టూడిబేకర్లు. కాంపాక్టులు తక్కువ. విదేశీ ఎంబసీల వాళ్లు వాడి వదిలేసిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది, అలా వచ్చినవి కొన్ని. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను "ఆ కారు గురించి చెప్పండి" అని అడిగితే సరిపోదు. ఏ రంగు? గేరు స్టీరింగ్ పక్కనా, కిందా? డ్రైవరు ఎవరు? 1974లో రాజమండ్రి దగ్గర రోడ్డు వంతెన రాకముందు కారును గోదావరి ఎలా దాటించారు? ఇలా ఒక్కొక్కటీ అడగండి, ఫోన్లో రికార్డు చేయండి. మామ్మగార్లను తప్పకుండా అడగాలి, మగవాళ్లు ఇంజిన్ గురించి చెబుతారు, సీటు గుడ్డ రంగు, పెళ్లిలో ఎవరెవరు ఎక్కారో ఆవిడకే గుర్తుంటుంది. పెళ్లి ఆల్బమ్‌లు తిరగేస్తే బంపరు, గ్రిల్లు, నంబరు ప్లేటు కనిపించే ఫోటో ఒక్కటైనా దొరుకుతుంది. ఏ క్రోమ్ పట్టీ ఎక్కడ ఉండేదో అందులో తెలుస్తుంది.

ఆ ఫోటో ఆర్టీఓ ఆఫీసు పని వచ్చినప్పుడు కూడా దగ్గర ఉంచుకోండి. కారు తాతగారి పేరు మీదే ఉండిపోతే వారసులు ఫారం 31 పెట్టుకోవాలి, కొనుక్కుంటే 29, 30. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని కారును వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, కొత్తగా ఇచ్చే నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది. అయితే వింటేజ్‌గా చేయించాక ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజువారీ తిప్పడానికి వీల్లేదు. పాత నంబరు ఉన్న కారుకి అదే నంబరు ఉంచుకునే వీలుంది కాబట్టి తాతగారి నంబరు పోతుందని బెంగ పడక్కర్లేదు. వారం వారం తిప్పే ఉద్దేశం ఉంటే ముందు మామూలు ఆర్సీ రెన్యూవల్ అవుతుందేమో ఆఫీసులో కనుక్కుని, అది కుదరదంటేనే వింటేజ్‌కి అప్లై చేయండి.