సొంత ఈమెయిల్ ఖాతా: తెరవడం, వాడుకోవడం, కాపాడుకోవడం

కొన్నేళ్ల క్రితం మా పిన్ని కూతురు ఒక ఉద్యోగ పరీక్షకు తమ ఊరి నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేసింది. ఫారంలో ఈమెయిల్ గడి తప్పనిసరి కావడంతో అక్కడున్న కుర్రవాడు తన మెయిల్ ఐడీనే నింపేశాడు. పరీక్ష దగ్గరపడ్డాక హాల్ టికెట్ కోసం లాగిన్ కాబోతే పాస్‌వర్డ్ గుర్తుకు రాలేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకేమో ఆ కుర్రవాడి మెయిల్‌కు వెళ్లింది, అప్పటికి ఆ దుకాణం మూతపడింది. అతని నంబరు సంపాదించి, లింకు రప్పించుకునేదాకా మా పిన్ని ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ దరఖాస్తు మొదలుకొని ఆదాయపు పన్ను రిటర్ను దాకా అన్నీ ఈమెయిల్ అడుగుతున్న ఈ రోజుల్లో, ఆ చిరునామా మీది కాకపోతే మీ పత్రాలకు తాళంచెవి మరొకరి జేబులో ఉన్నట్టే. ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు, పట్టే సమయం పదిహేను నిమిషాలు. అందుకే ఈ పని ఎంత ఆలస్యమైనా మీ చేతులతో మీరే చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఔట్‌లుక్, యాహూ, మన దేశానికి చెందిన జోహో వంటి సంస్థలు ఉచితంగా మెయిల్ ఇస్తున్నాయి. అయితే మనవాళ్లలో ఎక్కువ మంది చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను, అందులో గూగుల్ సంస్థ ఇచ్చే జీమెయిల్ ముందే ఉంటుంది కాబట్టి ఇక్కడ దాని గురించే చెబుతాను. మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి చూసుకోండి. జీమెయిల్ యాప్ తెరిచి, పైన కుడివైపు మూలన ఉన్న గుండ్రటి బొమ్మను తాకితే, ఆ ఫోనులో ఇప్పటికే ఉన్న ఖాతా చిరునామా కనిపిస్తుంది. ఫోను కొన్నరోజు దుకాణంలో ఎవరో తెరిచి ఇచ్చిన ఖాతా అది కావచ్చు. దాని పాస్‌వర్డ్ మీకు తెలియకపోయినా, అందులో ఉన్న ఫోను నంబరు మీది కాకపోయినా దాని మీద ఆధారపడకుండా కొత్తది తెరుచుకోవడమే మేలు.

ఆ గుండ్రటి బొమ్మ కిందే మరో ఖాతాను చేర్చే వీలుంటుంది. దాన్ని తాకి, గూగుల్‌ను ఎంచుకుని, 'క్రియేట్ అకౌంట్' నొక్కి, సొంత వాడకానికి అన్నదాన్ని ఎంచుకోండి. మొదట పేరు అడుగుతుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఫారంలో మాత్రం పేరు గడి ముందు, ఇంటిపేరు గడి తర్వాత ఉంటాయి కనుక తారుమారు కాకుండా చూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఉన్న అక్షరక్రమాన్నే ఇక్కడా వాడితే ఉద్యోగానికో వీసాకో మెయిల్ పంపినప్పుడు పేరు తేడా వచ్చిందన్న ప్రశ్న తలెత్తదు. పుట్టిన తేదీ కూడా నిజమైనదే ఇవ్వండి.

తర్వాతిది చిరునామా ఎంపిక, ఇక్కడ కాస్త నిదానించాలి. @ గుర్తుకు ముందు వచ్చే ఈ భాగంలో 6 నుంచి 30 దాకా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు ఉండవచ్చు. చుక్కలను జీమెయిల్ లెక్కలోకి తీసుకోదు, కాబట్టి పేరు మధ్య చుక్క పెట్టినా పెట్టకపోయినా అది ఒకే చిరునామా. మీ పేరు అప్పటికే వేరొకరు తీసుకుని ఉంటే ఇంటిపేరునో ఊరిపేరునో జతచేయండి. పుట్టిన సంవత్సరాన్ని, ఫోను నంబరును మాత్రం అందులో పెట్టవద్దు, ఎందుకంటే ఆ చిరునామా చూసిన ప్రతివారికీ ఆ వివరాలు తెలిసిపోతాయి. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న అభిమాన నటుడి పేరు, రేపు బ్యాంకు మేనేజరుకు చిరునామా చెప్పవలసి వచ్చినప్పుడు ఇబ్బంది పెడుతుంది.

పాస్‌వర్డ్‌లో కనీసం 8 అక్షరాలు ఉండాలి, ఇంకా ఎక్కువ ఉంటే మరీ మంచిది. పిల్లల పేర్లు, బండి నంబరు, వరుస అంకెలు పెట్టవద్దు. ఒకదానికొకటి పొంతనలేని నాలుగు తెలుగు మాటలను, ఉదాహరణకు గోరింటాకు, పడవ, విసనకర్ర, జొన్నలు అన్నవాటిని, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి మధ్యలో ఒక అంకె వేస్తే, మీకు గుర్తుంచుకోవడం తేలిక, ఇతరులకు ఊహించడం కష్టం. ఇవే మాటలు కాకుండా మీకు తోచినవి ఎంచుకోండి. దాన్ని ఒక నోటుపుస్తకంలో రాసి, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ఉన్న బీరువాలోనే పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఫోను వెనక కవరులో పెట్టుకోవడం మాత్రం ప్రమాదం.

ఖాతాకు జతచేసే ఫోను నంబరు విషయంలో మనవాళ్లు చాలా అజాగ్రత్తగా ఉంటారు. పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున మిమ్మల్ని గట్టెక్కించేది ఆ నంబరే. ఆఫర్ కోసం కొన్న సిమ్ నంబరు ఇచ్చి, తర్వాత రీచార్జి మానేస్తే ఆ నంబరు ఆగిపోతుంది, 90 రోజులు దాటాక దాన్ని మరొకరికి కేటాయించవచ్చు కూడా. కాబట్టి ఎప్పటికీ ఉంచుకునే నంబరే ఇవ్వండి. దానితోపాటు రికవరీ ఈమెయిల్‌గా, అంటే ఖాతాను తిరిగి తెరుచుకోవడానికి పనికొచ్చే రెండో చిరునామాగా, భార్యదో, భర్తదో, పూర్తి నమ్మకమున్న ఇంటిమనిషిదో చేర్చండి. ఖాతా తెరిచిన రోజే సెక్యూరిటీ సెట్టింగుల్లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత మరోసారి నిర్ధారణ అడిగే ఏర్పాటు) పెట్టుకుంటే, పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసినా మీ ఫోను చేతిలో లేకుండా లోపలికి రావడం చాలా కష్టమవుతుంది. అక్కడే 8 అంకెల బ్యాకప్ కోడ్‌లు 10 ఇస్తారు, వాటినీ ఆ నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. ఫోను పోయిన రోజున అవి అక్కరకొస్తాయి.

ఇక మెయిల్ రాయడం. 'కంపోజ్' నొక్కితే ఖాళీ కాగితం తెరుచుకుంటుంది. 'టు' అన్నచోట ఎవరికి పంపుతున్నారో వారి చిరునామా, 'సీసీ'లో దాని నకలు అందవలసిన ఇతరుల చిరునామా రాయాలి. 'బీసీసీ'లో రాసిన చిరునామా మిగతావారికి కనిపించదు కాబట్టి, చాలామందికి ఒకే శుభలేఖ పంపేటప్పుడు అందరినీ బీసీసీలో పెట్టడమే మర్యాద. సబ్జెక్ట్ గడిని ఖాళీగా వదలవద్దు, 'సార్' అన్న ఒక్క మాటతోనూ సరిపెట్టవద్దు. కాలేజీ కార్యాలయానికి రాస్తుంటే 'స్టడీ సర్టిఫికెట్ కోసం విన్నపం, బీకాం మూడో సంవత్సరం' అని రాయండి. వందల మెయిళ్లు చూసే గుమాస్తా తెరవకముందే విషయం గ్రహిస్తాడు. లోపల 'గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి, నమస్కారం' అని మొదలుపెట్టి, మీరెవరో ఒక వాక్యంలో, ఏం కావాలో మరో వాక్యంలో, ఎప్పటిలోగా కావాలో ఇంకో వాక్యంలో చెప్పి, చివర పూర్తి పేరు, హాల్ టికెట్ నంబరు, ఫోను నంబరు రాస్తే చాలు. తెలుగులోనే రాయాలనుకుంటే ఫోను కీబోర్డు సెట్టింగుల్లో తెలుగును చేర్చుకోండి.

కాగితాలు జతచేయడానికి పేపర్ క్లిప్ గుర్తును నొక్కాలి. మొత్తం 25 ఎంబీ దాకా నేరుగా వెళ్తాయి, అంతకుమించితే జీమెయిల్ దాన్ని గూగుల్ డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు) లింకుగా పంపుతుంది. కెమెరా పెట్టిన అంకెల పేర్లతోనే ఫోటోలు పంపకుండా, సర్టిఫికెట్లను పీడీఎఫ్‌గా మార్చి, మీ పేరు, పత్రం పేరు కలిసేలా ఫైలు పేరు మార్చి పంపండి. 'సెండ్' నొక్కగానే పొరపాటు కనిపిస్తే, కింద కొద్ది క్షణాలపాటు 'అన్‌డూ' అని కనిపిస్తుంది. కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి ఈ గడువును 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు.

వచ్చిన మెయిళ్లలో ముఖ్యమైనవి ఒక్కోసారి ప్రకటనలు చేరే 'ప్రమోషన్స్'లోనో, అక్కర్లేని మెయిళ్లు చేరే 'స్పామ్'లోనో పడుతుంటాయి. స్పామ్‌లో ఉన్నవి 30 రోజులకు వాటంతటవే పోతాయి కనుక, దరఖాస్తు చేసి ఎదురుచూసే రోజుల్లో ఆ రెండు చోట్లా తప్పక వెతకండి. బ్యాంకు పేరుతోనో ఆదాయపు పన్ను శాఖ పేరుతోనో వచ్చిన మెయిల్ మిమ్మల్ని తొందరపెడుతుంటే, పైన కనిపించే పేరును నమ్మకుండా దాన్ని తాకి అసలు చిరునామా చూడండి. @ తర్వాతి భాగం ఆ సంస్థది కాకుండా ఏదో వింత పేరైతే అది మోసమే. ఆ భాగం సరిగా ఉన్నా సరే, లింకు నొక్కకుండా మీరే ఆ సంస్థ వెబ్‌సైటు తెరిచి చూసుకోవడం క్షేమం. ఓటీపీని ఎవరు అడిగినా చెప్పకూడదు. ఇప్పటికే డబ్బు పోయివుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మెయిల్ తెరవక తప్పకపోతే బ్రౌజరు చరిత్రను దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, పని కాగానే సైన్ అవుట్ అయి, ఆ విండోను మూసేయండి. మరిచిపోయి వచ్చేశారా, కంగారు పడవద్దు. మీ ఫోనులో గూగుల్ ఖాతా సెక్యూరిటీ భాగంలో ఏయే పరికరాల్లో ఖాతా తెరిచి ఉందో కనిపిస్తుంది, అక్కడి నుంచే ఆ కంప్యూటర్‌ను సైన్ అవుట్ చేయవచ్చు.

ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు మెయిళ్లకు, డ్రైవ్‌కు, గూగుల్ ఫోటోలకు ఉమ్మడి. పెళ్లి వీడియోలతో అది నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. రెండేళ్లపాటు ఖాతాను అసలే తెరవకపోతే గూగుల్ దాన్ని తొలగించవచ్చు.

కొత్త చిరునామా సిద్ధమయ్యాక, ఇంతకుముందు ఇతరుల మెయిల్ ఇచ్చిన చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, బ్యాంకు, పీఎఫ్, పాత దరఖాస్తులు, ఇలా ఒక్కొక్కటిగా మార్పించుకోండి. కొన్నిచోట్ల ఆ మార్పుకు ముందు పాత మెయిల్‌కే ఓటీపీ వెళ్తుంది. కాబట్టి ఆ మెయిల్ ఎవరిదో వారు ఊళ్లో ఉండగానే, పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని ముగించండి.